ముడతలకు మన రక్తమే మందా?

ముఖం మీది ముడతలకు పీఆర్‌పీ ఇంజెక్షన్ అని ఈమధ్య తరచూ వింటున్నాం. ఏమిటది? మన చేతి నుంచే కాస్త రక్తం తీస్తారు. యంత్రంలో గిర్రున తిప్పుతారు. ఎర్రకణాలు అడుక్కి దిగుతాయి. ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్న పసుపుపచ్చ ద్రవాన్ని సన్నటి సూదితో ముఖంలోకి ఎక్కిస్తారు. సన్న గీతలు కొంత తగ్గొచ్చు. లోతు ముడతలు పోతాయని ఆశపడొద్దు. ఒక్కసారితో అయ్యేదీ కాదు.

రక్తం మనదే, మరి భయమెందుకు? సూది మనది కాదు కదా! అమెరికాలోని న్యూ మెక్సికోలో, లైసెన్సు లేని ఒక స్పాలో ఇలాంటి చికిత్సే చేయించుకున్న కొందరు మహిళలకు హెచ్‌ఐవీ సోకింది. 2018లో దాన్ని మూయించారు.

కాబట్టి పార్లర్లలో వద్దు, చర్మవైద్యుల దగ్గరికే వెళ్లండి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పండి. కొత్త సూదిని మీ ఎదుటే విప్పమని అడగండి.