వెలుపలి గోడకు నూనెరంగా, నీటిరంగా?

(మన సంఘ సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



ఇంటికి రంగు వేయింపనెంచువారు మమ్ము తరచుగా అడుగు ప్రశ్న ఇది: వెలుపలి గోడకు నూనెరంగు మేలా, నీటిరంగు మేలా? వర్తకులమైన మాకు ఏ డబ్బా అమ్మినను లాభమే. కాని 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినది మొదలు మన ఊరివారు ప్రతి రూపాయిని లెక్కించి వెచ్చింపవలసియున్నది. కావున ఉన్నమాట విన్నవించుచున్నాము.

నూనెరంగు ఆరి బిగువైన పొరగా నిలుచును, నిగనిగలాడును. చూచువారికి ఇదియే గట్టిదని తోచును. అయితే గోడకు చెమ్మ వెలుపలినుండియే వచ్చునని తలపరాదు. రాబర్ట్‌సన్‌పేట, అండర్సన్‌పేటలలోని ప్రాత ఇండ్లలో చెమ్మ పునాదినుండి పైకెక్కును. కప్పు బీటలనుండి క్రిందికి దిగును. అది ఆవిరియై వెలికి పోవలెను. నూనెరంగు దానికి దారి ఇయ్యదు. తుదకు బొబ్బలెక్కి పెచ్చులుగా ఊడును. అదిగాక సున్నము, సిమెంటులలోని క్షారము నూనెను సబ్బువలె మార్చివేయును. క్రొత్త గోడపై నూనెరంగు నిలువకపోవుటకు ఇది ముఖ్యకారణము.

ఎమల్షను అను నీటిరంగు అట్లు గాదు. వాననీటిని అడ్డగించును గాని ఆవిరిని కొంతవరకు పోనిచ్చును. ఎండకు గోడతోపాటు తానును కొంత సాగును. సిమెంటు గోడలకు ఇదియే తగినది. సున్నముతో కట్టిన ప్రాత గోడలకు తాతలనాటి వెల్లయే నేటికిని ఉత్తమము. తలుపులకు, కిటికీ చువ్వలకు, ఇనుప గేట్లకు మాత్రము నూనెరంగు వాడుడు.

ఏ రంగైనను తడిగోడపై నిలువదు. మన జిల్లాలో సెప్టెంబరు, అక్టోబరు మాసములలో వానలు అధికము. దసరాకు తొందరపడుటకంటె కప్పు బాగుచేయించి, గోడ ఆరనిచ్చి, సంక్రాంతికి వేయించుట మేలు. సైనైడు దిబ్బలనుండి ఎగిరివచ్చి గోడకంటిన ధూళిని ముందుగా కడిగివేయవలెను.

ముఖ్యమైన మాట ఒకటి మిగిలియున్నది. నూనెరంగు తీసి నీటిరంగు వేయువారు ప్రాత పొరను గీకవలసియుండును. అందు సీసము ఉండవచ్చును. ఇంటిరంగులలో సీసము పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదను నిబంధన 2017 నవంబరు 1న గాని అమలునకు రాలేదు. కావున ప్రాత రంగును పొడిగా గీకింపకుడు, తడిపి గీకించుడు, రాలిన పెచ్చులను ఏరి పారవేయుడు. పసిబిడ్డలను, గర్భిణులను ఆ చోటికి రానీయకుడు. దిబ్బల ధూళితో ఇదివరకే వేగుచున్న మన బిడ్డలకు ఇంటిగోడ ధూళి కూడ తోడు కారాదు.