రాత ఎవరిది? దిద్దేది ఎవరు?
(మంగళగిరి సమావేశంలో ఒక ఉపాధ్యాయుడి ప్రసంగ పాఠం)



కరణం దస్తరంలో ఏది రాస్తే అదే నిజమై మన తాతల్ని తొక్కింది. 1984లో కరణాలు పోయారు. దస్తరం పోలేదు, సెల్‌ఫోన్లోకి వచ్చింది. అయితే ఇందులో కొన్నిటికి కలం ఎవరైనా పట్టొచ్చు.

2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో వ్యాసాలుంటాయి. 2004లో వచ్చిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో దారులు, వాడలు ఉంటాయి. 2012లో వచ్చిన వికీడేటాలో వ్యాసాలుండవు. ఏ ఊరు, ఏ జిల్లా, ఏ తేదీ అనే విడి సంగతులూ, ప్రతిదానికీ ఒక నంబరూ ఉంటాయి.

అడంగల్ వేరు, 1బి వేరు. సర్వే నంబరుంటేనే రెండూ ఒకే చెక్కవని తేలుతుంది. ఇదీ అంతే. జాషువా పేరు ఇంగ్లీషులో రెండు రకాలుగా రాస్తారు. నంబరు ఒకటే గనక అన్ని భాషల వ్యాసాలూ ఆ కవి దగ్గరికే చేరతాయి.

కానీ ఒకచోట దిద్దితే అన్నిచోట్లా దానంతటది మారదు. 2022లో కారంచేడు, చుండూరు బాపట్ల జిల్లాలోకి వెళ్లాయి. ఆ మార్పు ఎక్కడికక్కడ చూసుకోవాల్సిందే. పైగా వికీడేటాలోది ఎవరైనా షరతు లేకుండా వాడుకోవచ్చు, మ్యాపుకి షరతులున్నాయి. అక్కడిది మూటగట్టి ఇక్కడ పొయ్యకూడదు.

కంపెనీ చేతిలో పడితే ఏమవుతుంది? ఫ్రీబేస్‌లోనూ జనమే రాశారు. 2010లో గూగుల్ కొన్నది, 2016లో మూసేసింది. అందులో కొంతే వికీడేటాకి చేరింది.

ఇక అసలు సంగతి. 1991 ఆగస్టు 6న చుండూరులో మనవాళ్లని ఎనిమిది మందిని చంపారు. దాన్ని ఏ రకం ఘటన అని రాస్తారు? 'ఘర్షణ' అని ఒక్క మాట పడితే అదే భాషలు దాటి పోతుంది. అది ఊచకోత. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు కొట్టేసింది. రెండూ ఆధారాలతో పక్కపక్కన రాయొచ్చు. ఒకటి రాసి ఒకటి దాస్తే మనం అడగొచ్చు, మనమే దిద్దొచ్చు.

దానికి అచ్చయిన ఆధారం కావాలి, నోటిమాట చాలదు. అందుకే పెద్దలు చెప్పే వాడ చరిత్రని తేదీలతో రాసి, ముందు ఇలాంటి పత్రికల్లో అచ్చేయించండి. బతికున్న సాక్షుల పేర్లు మాత్రం పెట్టొద్దు, వాళ్ల ప్రాణం ముఖ్యం. చదువుకున్న పిల్లలు ఊరికి ఇద్దరు చాలు. ఒకరు రాయాలి, ఒకరు కాపలా కాయాలి.

జై భీమ్!