మంచు కింద కొండ – లొమొనోసోవ్ పేరు



ఉత్తర ధ్రువం దగ్గర ఆర్కిటిక్ సముద్రం అడుగున ఒక పర్వతశ్రేణి ఉంది. పొడవు సుమారు 1800 కిలోమీటర్లు. సముద్రగర్భం నుంచి మూడు వేల మీటర్లకు పైగా లేచినా, శిఖరాలు నీటిపైకి రావు. 1948లో సోవియట్ పరిశోధకులు మంచుపై విమానాలు దించి, లోతులు కొలిచి దానిని కనుగొన్నారు. దానికి లొమొనోసోవ్ పేరు పెట్టారు.

ఎవరీయన? 1711లో రష్యా ఉత్తరాన ఒక పల్లెలో, చేపలు పట్టే ఇంట పుట్టినవాడు. 19వ ఏట చదువు కోసం మాస్కో చేరాడు. రైతుబిడ్డకు ప్రవేశం దొరకదని, కులీనుడి కొడుకునని చెప్పుకున్నాడు. లాటిన్ తరగతిలో చిన్నపిల్లల మధ్య కూర్చుంటే వాళ్లు వేళాకోళం చేశారు. రోజుకు మూడు కోపెక్కుల భత్యంతో నెట్టుకొచ్చాడు. ఆ విద్యార్థే 1761లో శుక్రుడు సూర్యబింబాన్ని దాటడం గమనించి, ఆ గ్రహానికి వాతావరణం ఉందన్నాడు.

1763లో సైబీరియా మంచు సముద్రం మీదుగా ఇండియా వైపు దారి ఉందని గ్రంథం రాశాడు. ఆ మాట నమ్మి ఓడలు సిద్ధం చేశారు. అవి బయలుదేరక ముందే, 1765లో, ఆయన కన్నుమూశాడు. మంచు అడ్డుపడి ఓడలు వెనుదిరిగాయి. సుమారు 180 ఏళ్ల తర్వాత ఆ సముద్రం అడుగునే ఆయన పేరు నిలిచింది.

మిత్రులారా, పసిపిల్లల పక్కన కూర్చోవడానికి ఆయన సిగ్గుపడలేదు. అరవై దాటిన మనం మనవల దగ్గర కంప్యూటర్ నేర్చుకోవడానికి సిగ్గెందుకు? రేపే మొదలుపెడదాం.