సున్నపు స్కూలు, రాతి స్కూలు
(సంఘం వార్షికోత్సవ సభలో వాయుసేన విశ్రాంత వారెంట్ ఆఫీసర్ ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి, "సార్, ఈసారి మీరు ఒక పావుగంట మాట్లాడాలి" అన్నారు. ఏ విషయం మీద అని అడిగితే, "మీ ఇష్టం, యుద్ధం సంగతులు చెబితే పిల్లలకు బాగుంటుంది" అన్నారు. యుద్ధం గురించి చెప్పగలిగినవాళ్లు ఈ హాల్లో నాకంటే చాలామంది ఉన్నారు. నేను రేడియో ఫిట్టర్‌ని. అందుకని నేను చూసిన మొదటి యుద్ధం గురించి చెప్తాను. అది 1967లో సికింద్రాబాద్‌లో, రెండు హైస్కూళ్ల మధ్య జరిగింది. దానికి కావలసిన సామగ్రి ఒక్క ఫుట్‌బాల్. ఆ స్కూళ్ల పేర్లు మాత్రం చెప్పను. ఎందుకో చివరికి మీకే అర్థమవుతుంది.

మాది సున్నపు స్కూలు. అంటే గానుగ సున్నంతో కట్టిన పాత బిల్డింగు. రెండడుగుల మందం గోడలు, పైన టేకు దూలాలు, వాటి మీద ఇటుక పరిచి సున్నం పోసిన మిద్దె. మే నెలలో కూడా లోపల చల్లగా ఉండేది. అవతలి స్కూలు మొత్తం రాతి కట్టడం. మేం వాళ్లని "రాతోళ్లు" అనేవాళ్లం, వాళ్లు మమ్మల్ని "సున్నం గాళ్లు" అనేవాళ్లు. మా గోడకి ఆనుకుంటే చొక్కా తెల్లగా అయ్యేది. ఆ మరక కనపడితే చాలు, బజార్లో మా వాణ్ని పట్టుకుని ఏడిపించేవాళ్లు. ఇంట్లో అమ్మ తిట్టేది గానీ, మ్యాచ్ రోజు మాత్రం మేం కావాలనే వీపు గోడకి రుద్దుకుని వెళ్లేవాళ్లం. యూనిఫాం మీద ఫార్మేషన్ సైన్ కుట్టుకున్నప్పుడు మీకు ఎలా ఉండేదో, మాకు ఆ సున్నం మరక అలా ఉండేది.

సికింద్రాబాద్‌కీ ఫుట్‌బాల్‌కీ ఉన్న బంధం కంటోన్మెంటు వల్ల వచ్చింది. 1806లో కంటోన్మెంటు ఏర్పడింది. తర్వాత వచ్చిన బ్రిటిష్ పటాలాలు ఈ ఆటను తెచ్చాయి. వాళ్లు ఆడుతుంటే బయట నిలబడి చూసిన మనవాళ్లు వట్టి కాళ్లతో నేర్చుకున్నారు. అయితే ఆటని పటాలం గ్రౌండు నుంచి బడి గ్రౌండుకి తెచ్చినవాళ్లు మాత్రం టీచర్లు. అందులో మొదట చెప్పుకోవలసిన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం గారు. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా వల్ల ఆయన పేరు ఇప్పటి పిల్లలకీ తెలిసింది. ఆయన అసలు ఉద్యోగం బడిపంతులు. కాచిగూడ మిడిల్ స్కూల్లో, దారుల్ ఉలూమ్ హైస్కూల్లో, చాదర్‌ఘాట్ హైస్కూల్లో పనిచేశారు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి పిల్లల ఆటల బాధ్యత చేపట్టారు. బాల్‌ను కాలి దగ్గర అట్టే పెట్టుకోకుండా వెంటనే పాస్ ఇవ్వాలనే నిబంధనతో, చేతకాని కాలితోనే తన్నాలనే నిబంధనతో కుర్రాళ్లకు పోటీలు పెట్టారు.

ఆ పంతులు గారు తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన కోచ్‌గా ఉన్న భారత జట్టు 1951లోనూ 1962లోనూ ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకం తెచ్చింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. మెల్‌బోర్న్ వెళ్లిన జట్టులో మన జంటనగరాల వాళ్లు చాలామంది ఉన్నారు. అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్ ఒకరు. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ ఇంకొకరు. తంగరాజ్ గారు మన ఫౌజీయే. మద్రాస్ రెజిమెంటల్ సెంటర్‌కి ఆడి 1955లో, 1958లో డ్యూరాండ్ కప్పు గెలిచారు. 1955 ఫైనల్లో వాళ్ల చేతిలో ఓడింది మా ఎయిర్‌ఫోర్స్ జట్టే. నేను అప్పటికి మూడేళ్ల వాణ్ని, కాబట్టి ఆ తప్పు నాది కాదు.

మా చిన్నప్పుడు తంగరాజ్ కావాలనుకోని గోల్‌కీపర్ సికింద్రాబాద్‌లో లేడు. రాతి స్కూలు గోల్‌కీపర్ కూడా అంతే. పొడుగ్గా, చేతులు చాచి నిలబడితే అటు చోటు లేదు, ఇటు చోటు లేదు. మేం వాణ్ని దీవార్ అనేవాళ్లం.

1967లో రెండు స్కూళ్లకీ ఫైనల్ పడింది, అదీ మా గ్రౌండులో. మేడ మీద వరండా నిండా పిల్లలు, హెడ్‌మాస్టరు గారు కింద కుర్చీలో. ఆట అయిపోవస్తోంది, రెండు వైపులా గోల్ లేదు. కుడి వైపు నుంచి బాల్ ఎత్తుగా వచ్చింది. దీవార్ ఎగిరాడు, నేనూ ఎగిరాను. నా తలకి అందదని తెలిసిపోయింది. చెయ్యి లేచింది. బాల్ లోపలికి పోయింది. రిఫరీ నా వెనక ఉన్నాడు, ఆయనకి కనపడలేదు. విజిల్ ఊదాడు. గోల్.

దీవార్ ఒక్కడే చూశాడు. వాడు రిఫరీ దగ్గరకి పరుగెత్తలేదు, నన్ను కొట్టడానికీ రాలేదు. బాల్ తీసి మధ్యకి తన్ని, నా మొహంలోకి ఒకసారి చూశాడు. అంతే. కప్పు మాకు వచ్చింది. నన్ను భుజాల మీద ఎక్కించుకుని ఊరేగించారు. ఆ కప్పు హెడ్‌మాస్టరు గారి గదిలో అద్దాల బీరువాలో పెట్టారు. దాని పక్కన నా ఫోటో.

1970లో నేను ఎయిర్‌ఫోర్స్‌లో చేరి జాలహళ్లికి ట్రైనింగుకి వెళ్లాను. ఎనిమిదేళ్ల తర్వాత లీవు మీద ఇంటికి వెళ్తూ పఠాన్‌కోట్ స్టేషన్లో వారెంటు పట్టుకుని క్యూలో నిలబడి ఉంటే, వెనక నుంచి ఎవరో గట్టిగా, "ఏందిర సున్నం, ఈడ ఉన్నవా?" అన్నారు. ఆ పంజాబు నేలమీద ఆ మాట విన్నప్పుడు కలిగిన సంతోషం నేను మీకు చెప్పనక్కర్లేదు. తిరిగి చూస్తే దీవార్. ఈ.ఎం.ఈ.లో నాయక్. ఇద్దరం ఢిల్లీ దాకా ఒకే బెర్తు మీద కూర్చుని వచ్చాం. జలంధర్ దాటాక నేనే చెప్పాను, ఆ గోల్ చేత్తో వేశానని.

వాడు టీ తాగుతూనే అన్నాడు: "నాకు చెప్తే ఏం ఫాయిదా? బాల్ నీ చేతికి తగిలిన సప్పుడు నేను ఆ దినమే ఇన్న. పోయి మీ స్కూల్ల చెప్పు."

చెప్తానన్నాను. చెప్పలేదు. ప్రతి లీవుకీ అనుకోవడం, స్కూలు గేటు దాకా వెళ్లడం, హెడ్‌మాస్టరు గారి గదిలో టీ తాగి ఆ ఫోటో కింద కూర్చుని రావడం. ఎనభైల్లో ఢిల్లీ పోస్టింగులో సుబ్రతో కప్ డ్యూటీ పడింది నాకు. మన మొదటి భారతీయ ఎయిర్ చీఫ్ సుబ్రతో ముఖర్జీ గారి ఆలోచనతో 1960లో మొదలైన స్కూలు పిల్లల టోర్నమెంటు అది. అంబేద్కర్ స్టేడియంలో మైకు వైర్లు సరిచేస్తూ, మిజోరం నుంచీ బెంగాల్ నుంచీ వచ్చిన పదిహేనేళ్ల పిల్లలు ఆడుతుంటే చూసేవాణ్ని. ఒక పిల్లవాడు ఫౌల్ చేసి తనే చెయ్యెత్తి ఒప్పుకున్నాడు. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

ఇక బిల్డింగు సంగతి. 2018 వానాకాలంలో ఒక రాత్రి మా స్కూలు మేడ మీద మూల గది కప్పు కూలింది. రాత్రి కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. మొత్తం పడగొట్టి ఐదంతస్తులు కడతామని యాజమాన్యం చెప్పింది. వాళ్లని తప్పు పట్టలేం, పిల్లల తల మీద కప్పు పడితే జవాబు చెప్పవలసింది వాళ్లే. పాత విద్యార్థులం రెండుగా చీలిపోయాం. "పాత గోడలకి దండం పెట్టి కూర్చుంటారా?" అని ఒకరు, "తాతలు కట్టింది తీసేస్తారా?" అని ఇంకొకరు. అప్పుడు దీవారే ఒక దారి చూపించాడు. అప్పటికి వాడు రిటైరై బొల్లారంలో ఉంటున్నాడు. తనకి తెలిసిన ఎం.ఇ.ఎస్. ఇంజినీరు ఒకాయన్ని వెంటబెట్టుకొచ్చాడు. తనది కాని స్కూలు కోసం!

ఆ ఇంజినీరు గారు రెండు రోజులు గోడలు తట్టి చూసి చెప్పింది నాకు బాగా గుర్తుంది. గోడల్లో లోపం లేదు. ఎప్పుడో ఎవరో బాగుచేస్తున్నామనుకుని సున్నం గోడ మీద సిమెంటు పూత పూశారు. సున్నం గోడ తడిని పీల్చుకుని మళ్లీ బయటికి వదులుతుంది. పైన సిమెంటు పూస్తే ఆ తడి లోపలే ఉండిపోయి గోడనీ దూలం కొసల్నీ తినేస్తుంది. దానికి తోడు మిద్దె మీద నీళ్లు పోయే గొట్టంలో రావిమొక్క మొలిచింది. ఏటా ఒక కూలీ ఎక్కి దాన్ని పీకి ఉంటే ఆ కప్పు కూలేది కాదు. మందు కూడా ఆయనే చెప్పారు: సిమెంటు పూత గీకేసి మళ్లీ సున్నమే వెయ్యాలి, పుచ్చిన దూలాలు మార్చాలి, నీళ్ల దారి శుభ్రం చెయ్యాలి. చివరికి వెనక భాగం తీసేసి, ముందు భాగం నిలబెట్టారు. చందాలు మేం ఇచ్చాం. జాబితాలో రాతి స్కూలు వాళ్ల పేర్లూ ఉన్నాయి.

మన నగరంలో ఇలాంటి బడులు ఎన్నో ఉన్నాయి. సికింద్రాబాద్‌లో 1862 నాటి మహబూబ్ కాలేజీ ఉంది. 1893 ఫిబ్రవరి 13న వివేకానందుడు అమెరికా వెళ్లబోయే ముందు అక్కడే ఉపన్యసించారు. మూసీ ఒడ్డున, ఇవాళ సిటీ కాలేజీ అని మనం పిలిచే భవనం విన్సెంట్ ఎష్ అనే ఆర్కిటెక్టు సిటీ హైస్కూలు కోసం గీసినది. మూసీ పక్కనే హైకోర్టు భవనానికీ ఆయనే ఆర్కిటెక్టు. ఒక బడికి హైకోర్టుతో సమానంగా ఇల్లు కట్టించిన కాలం అది.

2019లో బాగుచేసిన గదులు తెరిచిన రోజు నన్ను మాట్లాడమన్నారు. దీవార్ ముందు వరసలో కూర్చున్నాడు. యాభై రెండేళ్ల తర్వాత మైకు ముందు చెప్పేశాను. "ఆ గోల్ చేత్తో వేశాను. ఆ కప్పు మనది కాదు." పిల్లలు కాసేపు నిశ్శబ్దంగా ఉన్నారు. పెద్దల్లో కొందరికి కోపం వచ్చింది, ఇప్పుడెందుకు ఈ గొడవ అని. హెడ్‌మాస్టరు గారు బీరువా తాళం తీసి కప్పు తెచ్చి దీవార్ చేతికి ఇచ్చారు. వాడు అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంత చిన్నగుండెనా?" అన్నాడు.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. సభ అయ్యాక ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు వచ్చి, "తాతా, ఆ గోల్‌పోస్టు ఎక్కడ ఉండేది?" అని అడిగాడు. చూపించబోయాను. చూపించడానికి గ్రౌండు లేదు. గోల్‌పోస్టు ఉన్నచోట కొత్త బ్లాకు మెట్లున్నాయి. ముందు సైకిల్ స్టాండు వచ్చింది, తర్వాత లేబరేటరీ, ఆ తర్వాత ఇంకో బ్లాకు, మిగిలింది బస్సులకి. గోడ కూలితే చప్పుడు వస్తుంది, నలుగురూ పరుగెత్తుకొస్తారు. గ్రౌండు పోయేటప్పుడు చప్పుడు రాదు. మేమంతా బిల్డింగు కోసం పోట్లాడాం గానీ గ్రౌండు పోతున్నప్పుడు ఒక్క ఉత్తరం ముక్క రాయలేదు. నేను చేత్తో వేసిన గోల్ కంటే పెద్ద తప్పు అది.

ఒకప్పుడు ఒలింపిక్స్ జట్టుకి మనుషుల్ని పంపిన ఊరు మనది. జాతీయ జట్టులో మన పేర్లు అరుదైపోయాయంటే, ఇవాళ్టి పిల్లలకి శక్తి లేక కాదు. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య భారత మహిళల జట్టుకి ఆడింది కదా! బడికి ఆటస్థలం, ఎదుటి బడితో పోటీ, రహీం గారి లాంటి ఒక పంతులు — ఈ మూడూ ఉంటే చాలు.

కాబట్టి నాది చిన్న కోరిక. మీరు ఏ ఊరివారైనా సరే, ఈసారి లీవులో మీ పాత హైస్కూలుకి ఒకసారి వెళ్లండి. మిద్దె ఎక్కి నీళ్ల గొట్టంలో మొక్క ఉందేమో చూడండి. సున్నం గోడకి సిమెంటు పూస్తుంటే ఆపమని చెప్పండి. గ్రౌండు ఎంత మిగిలిందో అడుగులేసి కొలిచి, కాగితం మీద రాసి హెడ్‌మాస్టరు గారికి ఇచ్చి రండి. ఫౌజీ మాట ఊళ్లో ఇంకా వింటారు. తర్వాత మీ శత్రువుల స్కూలుకి కూడా వెళ్లండి. అక్కడ కూడా ఒక దీవార్ ఉంటాడు.

మా రెండు స్కూళ్లకీ ఇప్పుడు ఏటా ఒక మ్యాచ్ జరుగుతోంది. గ్రౌండు అరువు తెచ్చుకుని ఆడిస్తున్నాం. పోయినసారి రాతోళ్లు గెలిచారు, ఇద్దరు పిల్లల వీపు మీద సున్నం మరక చూసి నేను ఆ ఓటమి మరిచిపోయాను. దీవార్‌ని కూడా ఈ సభకి రమ్మన్నాను. మోకాలి ఆపరేషన్ అయింది, రాలేనన్నాడు. "చేత్తో వేసిన సంగతి ఈడ కూడా చెప్పు, మర్చిపోకు" అని మాత్రం గుర్తుచేశాడు.

చెప్పాను. సెలవు. జై హింద్.