ఎగ్జిమా: తిండిలోని హిస్టమిన్



ఎగ్జిమా ఉన్న బిడ్డను తెచ్చిన తల్లి మందుచీటీ అందుకోకముందే "పథ్యం ఏమిటి డాక్టరుగారూ?" అని అడుగుతుంది. అప్పటికే ఇంట్లో నానీ గుడ్డు, పాలు, మాంసం అన్నీ మాన్పించి ఉంటుంది. బిడ్డ చిక్కిపోతాడు, దురద మాత్రం తగ్గదు. అందుచేత ఆ పథ్యం గురించే నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఎగ్జిమా అంటువ్యాధి కాదు. అంటుకునే గజ్జి వేరు, తామర వేరు. ఆ బిడ్డ పక్కన కూర్చోవడానికి ఎవరూ జంకనక్కరలేదు.

హిస్టమిన్ అనేది మన ఒంట్లోనే తయారయ్యే పదార్థము. దద్దుర్లు, ఎరుపు, దురద కలిగించడంలో దానికి పాత్ర ఉంది. తిండి ద్వారా కూడా కొంత లోపలికి పోతుంది. పేగులలో డయమీన్ ఆక్సిడేజ్ అనే ఎంజైము దానిని విరిచేస్తుంది. ఈ ఎంజైము చాలని వారికి తిన్నది రక్తంలోకి ఎక్కి బాధ పెట్టవచ్చు.

ఇది ఎక్కువగా ఉండేది నిలవ ఉన్న చేపలో. కానాగంతలు, తూర వంటి చేపలను పట్టిన వెంటనే ఐసులో పెట్టకపోతే సూక్ష్మజీవులు వాటి మాంసంలో హిస్టమిన్ పుట్టిస్తాయి. ఆ తర్వాత ఎంత మరిగించినా, ఎంత వేయించినా అది పోదు. వాసన రాలేదు కదా అని నమ్మడానికీ లేదు! పులియబెట్టినవి, బాగా మాగిన జున్ను కూడా ఈ కోవలోవే. టమాటా, పాలకూర, వంకాయలలోనూ కొంత ఉంటుంది. బగారా బైంగన్ ప్రియులు నన్ను క్షమించాలి.

మరి నానీ మాన్పించినవో? తాజా మాంసం, గుడ్డు, పాలలో హిస్టమిన్ బహు స్వల్పము. కొందరు పిల్లలకు గుడ్డు, పాలు పడకపోవడం నిజమే. కాని అది ఎలర్జీ. దాని దారి వేరు, దానిని పరీక్షించి తేల్చవలసింది డాక్టరు.

2009లో జర్మనీ వైద్యులు ప్రచురించిన ఒక చిన్న పరిశోధనలో, హిస్టమిన్ తక్కువగా ఉన్న ఆహారంతో ఎగ్జిమా ఉన్న పెద్దవాళ్లలో సుమారు మూడో వంతు మందికి నయంగా కనిపించింది. తక్కినవారికి ఆ పథ్యం వల్ల ఒరిగింది లేదు. పైగా ఎగ్జిమా దురదకు హిస్టమిన్ ఒక్కటే కారణం కాదు. ఎలర్జీ మాత్రలు మింగినా చాలామందికి దురద అంతగా తగ్గకపోవడం అందుకే. చర్మానికి రోజూ నూనె పదార్థం పూయడం, డాక్టరు చెప్పిన ఆయింట్‌మెంటు వాడడం, ఇవే అసలు వైద్యం. పథ్యం పేరుతో అవి ఆపకండి.

అనుమానం ఉన్న పెద్దవాళ్లు రెండు వారాలు పై పదార్థాలు మానండి. తేడా లేకపోతే మళ్లీ హాయిగా తినండి. తేడా ఉంటే ఒక్కొక్కటే తిరిగి మొదలుపెట్టి, ఏది తిన్నప్పుడు దురద రేగిందో ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. ఆ రోజు చెమట పట్టిందా, కొత్త సబ్బు వాడారా, ఉన్ని బట్ట తొడిగారా అన్నది కూడా రాయండి. చాలాసార్లు నేరం వాటిది, నింద మాత్రం వంకాయ మీద పడుతుంది.