నునుపు వేరు, మన్నిక వేరు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



కందెన లేని ఇరుసు అరిగిపోవునని మన రైతు సోదరులకు వేరుగా చెప్పనక్కరలేదు. మన తుంటి కీలును ఇట్టిదే. తొడయెముక పైకొన బంతివలె గుండ్రముగా నుండి, తుంటియెముకలోని గిన్నెవంటి గుంటలో తిరుగుచుండును. రెంటిపైనను నున్నని మృదులాస్థి కప్పియుండుటచే మనకు రాపిడి తెలియదు. ఆ పొర అరిగినవారికి అడుగు తీసి అడుగు వేయుట నరకము.

ఇట్టివారికి కృత్రిమ కీలు అమర్చుటకు ఇంగ్లండునందలి రైటింగ్టన్ ఆసుపత్రిలో జాన్ చార్న్‌లీ అను శస్త్రవైద్యుడు పూనుకొనెను. బంతిని ఉక్కుతో చేయించెను. మరి గిన్నెను దేనితో చేయవలెను? మిక్కిలి జారుడు గల ఘనపదార్థములలో టెఫ్లాన్ ఒకటి కావున, 1950 దశకము చివర దానినే ఎన్నుకొనెను. కుంటుచు వచ్చినవారు నొప్పి లేక నడచిపోయిరి. కాని కొలది ఏండ్లలోనే గిన్నెలు అరిగెను. రాలిన పొడి చుట్టునున్న కండను, ఎముకను చెరచెను. చాలమందికి మరల శస్త్రచికిత్స చేయవలసి వచ్చెను. ఆ పొడి చేయు కీడును తెలిసికొనుటకు చార్న్‌లీ దానిని తన తొడలోనికే ఎక్కించుకొని చూచెను.

1962 మే నెలలో ఒక వర్తక ప్రతినిధి నేతమగ్గపు యంత్రభాగములకు వాడు పాలిథిలీన్ అను ప్లాస్టిక్కును ప్రయోగశాలకు తెచ్చెను. అది పనికిరాదని చార్న్‌లీ తలచెను. ప్రయోగశాలలోని యంత్రనిపుణుడు హారీ క్రేవెన్ మాత్రము దానిని రాపిడి యంత్రమునకెక్కించెను. మూడు వారములు రేయింబవళ్లు తిప్పినను, టెఫ్లాన్ ఒక్క దినమున అరుగునంత యైనను అది అరుగలేదు! జారుటలో టెఫ్లానుకంటె తక్కువదే; మన్నికలో ఎంతో మిన్న. ఆ సంవత్సరము నవంబరు నుండి దానితోనే గిన్నెలు చేసి అమర్చిరి. దాని మెరుగుపడిన రూపములే నేటికిని వాడుకలో నున్నవి.

ఇప్పుడు క్రొత్త పదార్థము దేనినైనను ముందు యంత్రమే నడచి చూచును. పశువుల రక్తరసములో ముంచిన కీలును, నడకలో పడునంత బరువు మోపి లక్షలకొలది పర్యాయములు ఆడింతురు. పది లక్షల ఆటలు సుమారు ఒక యేటి నడకకు సమానమని లెక్క. ముందును వెనుకను గిన్నెను తూచి, ఎంత అరిగినదో కనుగొందురు.

సోదరులారా! తొలినాటి సుఖమును చూచి ఏ వస్తువును మెచ్చరాదు; కాలము పెట్టు పరీక్షను ముందుగా మనమే పెట్టవలెను. యంత్రము అరిగిన నష్టము స్వల్పము. మనిషి అరిగిన తీరనిది. ఇట్టి విజ్ఞానమును ఇరువదియైదేండ్లుగా మన ముంగిటికి తెచ్చుచున్న ఈ గ్రంథాలయము చిరకాలము వర్ధిల్లుగాక!