సాక్షి ఒకచోట – కోర్టు మరొకచోట



కోర్టు మెట్లెక్కడమంటేనే మన ఇళ్ళల్లో భయం. ఇక సాక్ష్యం చెప్పడమంటే అడగాలా? బోనులో నిలబడాలి. ఎదురుగా ముద్దాయి గుడ్లప్పగించి చూస్తూంటాడు. అవతలి ప్లీడరుగారు గుచ్చి గుచ్చి అడుగుతారు. కళ్ళారా చూసిన సంగతి కూడా నోరు దాటి రాదు. "మనకెందుకొచ్చిన గొడవ!" అని ఇంట్లోవాళ్ళూ ఆపేస్తారు. అలా ఎన్ని నిజాలు గడప దాటకుండా ఉండిపోతున్నాయో!

సాక్షి ఒకచోట, జడ్జిగారు మరొకచోట ఉండి, వీడియో ద్వారా సాక్ష్యం తీసుకునే పద్ధతి ఈ భయాన్ని కొంత తగ్గిస్తుంది. 2003లో సుప్రీంకోర్టు ముందుకు ఇలాంటి ప్రశ్నే వచ్చింది. ఒక కేన్సరు రోగికి చేసిన వైద్యం విషయంలో ముంబయిలో ఒక డాక్టరుగారి మీద కేసు నడుస్తోంది. ముఖ్యమైన సాక్షి అమెరికాలో ఉన్న మరో డాక్టరు. ఆయన ఇక్కడికి రానన్నారు గాని, వీడియోలో చెప్పడానికి ఒప్పుకున్నారు. సాక్ష్యం ముద్దాయి సమక్షంలోనో, అతని ప్లీడరు సమక్షంలోనో తీసుకోవాలని చట్టం. మరి తెరమీద కనబడితే అది సమక్షమేనా? సమక్షమేనంది సుప్రీంకోర్టు. సాక్షిని చూడగలిగి, వినగలిగి, ప్రశ్నలు వేయగలిగితే చాలునంది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత ఈ పద్ధతిని చట్టంలోనే చేర్చింది.

పసిపిల్లల సంగతి మరీ ముఖ్యం. లైంగిక నేరాల నుంచి పిల్లలను కాపాడే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం, బిడ్డ సాక్ష్యం చెప్పేటప్పుడు ముద్దాయి ఎదుట పడకూడదు. వీడియో పెట్టవచ్చు, తెర కట్టవచ్చు. బిడ్డ చెప్పే మాట మాత్రం ముద్దాయికి వినబడాలి.

ఎందుకంటారా? ముద్దాయి కూడా ఒక తల్లి కన్నబిడ్డే. నేరం రుజువు కాకుండా అతణ్ణి దోషి అనకూడదు. కెమెరాకు కనబడకుండా పక్కనుంచి ఎవరైనా మాటలు అందిస్తే అతనికి అన్యాయం జరుగుతుంది. కాబట్టి ఇది వంటింట్లో నిలబడి ఫోనులో చెప్పేసే వ్యవహారం కాదు. ప్రభుత్వం నిర్ణయించిన చోటికి వెళ్ళి చెప్పాలి. ప్రమాణమూ తప్పదు, క్రాసు పరీక్షా తప్పదు. అబద్ధం చెబితే శిక్షా తప్పదు.

మీకో, మీవాళ్ళకో సాక్షిగా సమన్లు వస్తే బీరువాలో దాచేయకండి. మంచాన పడి ఉన్నా, దూరదేశంలో ఉన్నా, ఎవరైనా బెదిరిస్తున్నా ఆ సంగతి ప్రాసిక్యూటరుగారికి చెప్పండి. వీడియో ద్వారా చెప్పనివ్వమని కోర్టును కోరవచ్చు. ఒప్పుకోవడం, మానడం కోర్టు నిర్ణయం. ఏంచెయ్యాలో తోచకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్ళండి. ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలకు అక్కడ ఉచితంగా న్యాయసహాయం దొరుకుతుంది.

ఇంట్లో ఆడపిల్లలకు కూడా ఈ సంగతులు చెప్పి ఉంచండి. సెలవు.